గర్భాన్ని నిలిపే హార్మోను – అది పలికే మేలు, అది చేసే హెచ్చరిక

నెల తప్పిందన్న అనుమానం కలిగితే పూర్వం ఇంట్లోని పెద్దావిడకు చెప్పుకొనేవారు. ఆమె ముఖవర్ణం చూసి, ఆకలిని గూర్చి, వేవిళ్ళను గూర్చి అడిగి, మరొక నెల ఓపిక పట్టమనేది. నేడు చిక్కడపల్లిలో గాని, నారాయణగూడలో గాని, అశోక్‌నగర్‌లో గాని ఏ మందుల దుకాణంలో అడిగినా ఒక చిన్న పరీక్ష పట్టీ చేతికిస్తారు. నాలుగు మూత్రపు చుక్కలు, అయిదు నిమిషాల నిరీక్షణ. ఒక గీత వస్తే గర్భం లేదు, రెండు గీతలు వస్తే గర్భం ఉన్నది. ఇంతవరకు చదువుకున్న గృహిణులందరికీ తెలిసినదే.

ఆ రెండవ గీతను పుట్టించే పదార్థం ఏది? అది శరీరంలో ఎక్కడ పుడుతుంది, ఏ పని చేస్తుంది? అది ఉండవలసిన దానికన్నా ఎక్కువైతే, తక్కువైతే, పోవలసిన కాలానికి పోకపోతే దానిని ఎలా అర్థం చేసుకోవాలి? ఈ ప్రశ్నలకు సమాధానం తెలియకపోవడం వల్ల సకాలంలో వైద్యం అందక ప్రాణం మీదికి తెచ్చుకొనే స్త్రీలు నేటికీ ఉన్నారు. అందుచేత ఈ వ్యాసంలో ఆ ఒక్క హార్మోనును గురించి విపులంగా తెలుసుకుందాము.

హెచ్‌.సి.జి. అంటే ఏమిటి?

దీని పూర్తి పేరు హ్యూమన్ కోరియానిక్ గొనడోట్రోపిన్. వైద్యులు హెచ్‌.సి.జి. అంటారు. రక్తపరీక్ష కాగితం మీద ‘బీటా హెచ్‌.సి.జి.’ అని వ్రాసి ఉంటుంది. ఇది మాంసకృత్తుతో నిర్మితమైన హార్మోను. దానికి చక్కెర జాతి పదార్థాల శాఖలు కూడ అతుక్కొని ఉంటాయి. 237 అమైనో ఆమ్లాలు రెండు దండలుగా కూర్చబడి దీని దేహం ఏర్పడింది. మొదటి దండలో 92, రెండవ దండలో 145 ఉంటాయి.

మొదటి దండకు ఆల్ఫా అని పేరు. పీయూష గ్రంథి నుంచి వచ్చే మరి మూడు హార్మోనులలో కూడ ఇదే దండ ఉంటుంది. అండాన్ని పండించే ఎఫ్‌.ఎస్‌.హెచ్‌., అండాన్ని విడుదల చేసే ఎల్‌.హెచ్‌., థైరాయిడ్ గ్రంథిని నడిపించే టి.ఎస్‌.హెచ్‌. అనేవి ఆ మూడు. ఒకే తల్లి బిడ్డల వంటివి ఈ నాలుగు. రెండవదైన బీటా దండ మాత్రం దేనిది దానికే ప్రత్యేకం. అందువల్లనే పరీక్షశాలలో బీటా దండను గుర్తిస్తారు. 1972లో ఈ బీటా దండను మాత్రమే పట్టుకొనే రక్తపరీక్ష వెలువడిన తరువాతనే దీని కొలత నమ్మదగినదయింది. అంతకు ముందు, 1920ల చివర జర్మనీలో ఆష్‌హైం, జొండెక్ అనే వైద్యులు స్త్రీ మూత్రాన్ని చిట్టెలుకలకు ఎక్కించి, వాటి అండాశయాలలో కలిగిన మార్పును బట్టి గర్భం నిర్ణయించేవారు. ఆ తరువాత కొంతకాలం ఆఫ్రికా కప్పలతో కూడ ఈ పరీక్ష జరిగింది.

గర్భాన్ని ఎలా నిలుపుతుంది?

అండం విడుదలైన తరువాత అండాశయంలో అది ఉన్న చోట పసుపు రంగు గల ఒక తాత్కాలిక గ్రంథి ఏర్పడుతుంది. దీనిని కార్పస్ ల్యూటియం అంటారు. ఈ గ్రంథి ప్రొజెస్టిరాన్ అనే మరొక హార్మోనును తయారుచేసి గర్భాశయపు లోపలి పొరను మెత్తగా, రక్తపుష్టితో పరచి ఉంచుతుంది. బిడ్డకు పరచిన పక్కవంటిది ఆ పొర. గర్భం రాకపోతే దాదాపు రెండు వారాలకు ఈ గ్రంథి ఎండిపోతుంది. ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. పొర విడిపోయి నెలసరి వస్తుంది.

గర్భం వచ్చినప్పుడు ఈ గ్రంథి ఎండిపోకుండా ఆపేది ఎవరు? తల్లి శరీరంలోని ఏ అవయవమూ కాదు. గర్భాశయపు పొరలో నాటుకొన్న పిండమే. పిండపు వెలుపలి కణాలు, అంటే ముందుముందు మావిగా మారబోయే కణాలు, నాటుకొన్నది మొదలు హెచ్‌.సి.జి.ని తల్లి రక్తంలోకి వదలుతాయి. అది రక్తంలో ప్రయాణించి అండాశయాన్ని చేరి, ఎల్‌.హెచ్‌. కోసం అక్కడ ఉన్న గ్రాహకాలకే అతుక్కొని, పసుపు గ్రంథికి ‘ఇంకా పని చెయ్యి, నేను వచ్చాను’ అన్న సందేశం ఇస్తుంది. గ్రంథి నిలుస్తుంది, ప్రొజెస్టిరాన్ నిలుస్తుంది, గర్భం నిలుస్తుంది. ఎనిమిది పది వారాల నాటికి మావి స్వయంగా ప్రొజెస్టిరాన్ తయారుచేయగల స్థితికి వస్తుంది. అప్పుడు పసుపు గ్రంథి అవసరం తీరుతుంది.

ఈ హార్మోను చేసే పనులు ఇంకా ఉన్నాయి. గర్భంలో ఉన్నది మగశిశువైతే, ఆ శిశువు వృషణాలను ప్రేరేపించి పురుష హార్మోనును ఉత్పత్తి చేయిస్తుంది. మావి కణాలు గర్భాశయపు గోడలోనికి వేళ్ళూనుకొనడానికి దీనిలోని ఒక రూపం తోడ్పడుతుంది. కనుక ఇది కేవలం వార్తాహరి కాదు, కణాల పెరుగుదలలో భాగస్వామి కూడ.

దీని పరిమాణం క్రమబద్ధంగా నడుస్తుంది. తొలి వారాలలో సుమారు రెండు మూడు రోజులకు ఒకసారి రెట్టింపవుతుంది. ఎనిమిది నుంచి పది వారాల మధ్య పతాకస్థాయికి చేరి, ఆ తరువాత తగ్గి, ప్రసవం వరకు తక్కువ స్థాయిలో కొనసాగుతుంది. వేవిళ్ళు కూడ సుమారు అదే కాలంలో హెచ్చి అదే కాలంలో తగ్గడాన్ని గృహిణులు గమనించే ఉంటారు.

ప్రాచీనులు ఏమి గమనించారు?

గర్భం నిలిచిన తరువాత ఆర్తవాన్ని మోసే మార్గాలను గర్భమే నిరోధిస్తుందని, అందుచేత నెలసరి ఆగిపోతుందని సుశ్రుతసంహిత శారీరస్థానం చెప్పింది. క్రిందికి పోకుండా నిలిచిపోయిన ఆ ధాతువు పైకి వచ్చి మావిగా వృద్ధి పొందుతుందని, మిగిలినది స్తనాలను చేరుతుందని కూడ అక్కడ ఉన్నది. సుశ్రుతునికి హెచ్‌.సి.జి. తెలుసునని చెప్పుకొనడం మన శాస్త్రానికి గౌరవం తెచ్చిపెట్టదు. ఆయనకు తెలిసినది మరొకటి: నెలసరి ఆగడానికి కర్త తల్లి కాదు, లోపల ఉన్న గర్భం. ఆ గమనిక సరియైనది.

మరొక ప్రకరణం మన విషయానికి ఇంకా దగ్గరగా ఉన్నది. చరకసంహితలో రక్తగుల్మం అనే వ్యాధి వర్ణన ఉన్నది. ఇది స్త్రీలకు మాత్రమే కలుగుతుంది. నెలసరి ఆగుతుంది. పొట్ట పెరుగుతుంది. గర్భిణి లక్షణాలన్నీ కనిపిస్తాయి. కాని లోపల బిడ్డ ఉండదు. గర్భమైతే కాళ్ళు చేతులతో కదలుతుందని, గుల్మమైతే మొత్తం ముద్దగా కదలుతుందని ఆచార్యుడు భేదం చెప్పాడు. ఈ గుల్మానికి చికిత్స పదవ మాసం గడచిన తరువాతనే ప్రారంభించమన్నాడు.

గురుకులంలో ఈ ప్రకరణం వచ్చినప్పుడు మా గురువుగారు ‘ఎందుకు పది మాసాలు?’ అని విద్యార్థులనే అడిగేవారు. సమాధానం ఆయనే చెప్పేవారు. అది గర్భమో గుల్మమో నిశ్చయించే సాధనం వైద్యుని చేతిలో లేదు. గుల్మమనుకొని తీక్ష్ణమైన ఔషధమిస్తే, అది గర్భమైన పక్షంలో భ్రూణహత్య అవుతుంది. ప్రసవకాలం దాటితే సందేహం తీరుతుంది. అంతవరకు ఆగడమే ధర్మం. ఆ నియమానికి మూలం సందేహం. నేడు ఒక రక్తపరీక్షతో, ఒక స్కానింగుతో ఆ సందేహం ఒక్క రోజులో తీరుతుంది. కారణం తొలగిన తరువాత నియమాన్ని మాత్రం పట్టుకొని ‘కొన్ని నెలలు చూద్దాము’ అని ఆగడం చరకుని ఉద్దేశానికే విరుద్ధం. రక్తగుల్మమూ, నేను క్రింద చెప్పబోయే ముత్యాల గర్భమూ ఒకటేనని నేను అనను. కాని గర్భంవలె కనిపించేదంతా గర్భం కాదన్న హెచ్చరిక రెండింటిలోను ఒకటే.

ముత్యాల గర్భం

ఒక్కొక్కప్పుడు బిడ్డ ఏర్పడకుండా మావి కణాలు మాత్రమే విపరీతంగా పెరుగుతాయి. మావిలోని సన్నని వేళ్ళు నీటితో ఉబ్బి, సగ్గుబియ్యం లాగానో, ద్రాక్షగుత్తి లాగానో బుడగలు బుడగలుగా మారతాయి. తెలుగువారు దీనికి ముత్యాల గర్భం అని అందమైన పేరు పెట్టారు. వ్యాధి మాత్రం అందమైనది కాదు. సుమారు వెయ్యి గర్భాలలో ఒకటి రెండు ఇలా పరిణమిస్తాయి.

దీనికి కారణం తల్లి చేసిన తప్పు కాదు, తిన్న తిండి కాదు, గ్రహణం కాదు, దిష్టి కాదు. సంపూర్ణ ముత్యాల గర్భంలో అండంలో తల్లి వైపు నుంచి రావలసిన క్రోమోజోములు ఉండవు. ఉన్న 46 క్రోమోజోములూ తండ్రి వైపువే అవుతాయి. అసంపూర్ణ ముత్యాల గర్భంలో తండ్రి వైపు నుంచి రెండింతలు చేరి సాధారణంగా 69 క్రోమోజోములు ఉంటాయి. ఇది ఫలదీకరణ సమయంలోనే జరిగిన పొరపాటు. అత్తగారు కోడలిని, భర్త భార్యను నిందించవలసిన పని లేదు.

బిడ్డ లేకపోయినా మావి కణాలు ఉన్నాయి కనుక హెచ్‌.సి.జి. పుడుతూనే ఉంటుంది. మామూలు గర్భంలోకన్న చాలా ఎక్కువగా పుట్టవచ్చు. పరీక్ష పట్టీ మీద రెండు గీతలు వస్తాయి. ఇల్లంతా సంతోషిస్తుంది. తరువాత ఈ లక్షణాలు ఒక్కొక్కటే కనిపించవచ్చు:

– మూడు నాలుగు నెలల లోపుననే ముదురు గోధుమ రంగు రక్తస్రావం, ఒక్కొక్కప్పుడు దానితో బుడగల వంటి ముక్కలు.
– నెలలకు మించి పెద్దదిగా కనిపించే పొట్ట.
– మామూలు వేవిళ్ళను మించిన వాంతులు.
– గుండె దడ, చేతులు వణకడం, చెమటలు. హెచ్‌.సి.జి. మితిమీరినప్పుడు థైరాయిడ్‌ను కూడ ప్రేరేపిస్తుంది. పైన చెప్పిన చుట్టరికం ఇక్కడ కనిపిస్తుంది.
– అయిదవ నెల లోపుననే రక్తపు పోటు పెరగడం.

ఈ లక్షణాలన్నీ అందరిలోను ఉండవు. తొలి నెలలలోనే స్కానింగు చేయించుకొంటున్న ఈ రోజులలో చాలామందికి ఏ లక్షణమూ లేకుండానే వ్యాధి బయటపడుతున్నది. అందుచేతనే మొదటి స్కానింగును ‘ఇంత తొందరేమిటి’ అని వాయిదా వేయరాదు. మరొక వింత కూడ తెలుసుకొనండి. రక్తంలో హెచ్‌.సి.జి. మరీ ఎక్కువైనప్పుడు ఇంట్లో చేసే పట్టీ పరీక్ష తబ్బిబ్బై గీతను మసకగా చూపడమో, చూపకపోవడమో జరగవచ్చు. లక్షణాలు ఉండి గీత లేకపోతే పట్టీని నమ్మి ఊరుకొనరాదు.

దీనికి చికిత్స ఆసుపత్రిలో గర్భాశయాన్ని శుభ్రపరచడం. కథ అక్కడితో ముగియదు. సంపూర్ణ ముత్యాల గర్భం కలిగిన వారిలో నూటికి 15 నుంచి 20 మందికి మిగిలిపోయిన కణాలు తిరిగి పెరగడం ప్రారంభిస్తాయి. కొందరిలో అది కొరియోకార్సినోమా అనే కేన్సరుగా మారి రక్తం ద్వారా ఊపిరితిత్తులకు, మెదడుకు ప్రాకగలదు. ఆ కణాలు పెరుగుతున్నాయా లేదా అని చెప్పే సాక్షి మళ్ళీ ఆ హార్మోనే. వారం వారం రక్తపరీక్షలో హెచ్‌.సి.జి. దిగుతూ వచ్చి సాధారణ స్థాయికి చేరితే నిశ్చింత. దిగడం ఆగి నిలిచిపోయినా, తిరిగి పైకి లేచినా, కంటికి ఏమీ కనిపించకపోయినా లోపల పెరుగుదల ఉన్నదని అర్థం.

భీమవరం బిడ్డ వేసిన బాట

ఈ కేన్సరుకు మందు దొరికిన కథలో ఒక తెలుగువాని పేరు ఉన్నది. అది మన వైద్యశాస్త్రానికి కూడ సంబంధించినదే.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ స్వాతంత్ర్యోద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించారు. ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్‌.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొనవలసి వచ్చింది. అప్పుడు ఆయనకు స్థానమిచ్చినది మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాల. అక్కడ ఆయన శరీరశాస్త్రం బోధించారు. 1920ల ఆరంభంలో అమెరికాకు వెళ్ళి హార్వర్డులో పరిశోధనలు చేశారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధకులకు నాయకత్వం వహించారు.

ఆయన సోదరులు స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. మన గ్రహణి రోగాన్ని పోలిన వ్యాధి అది. దానిలో ఉపకరించే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది. కణం రెండుగా చీలాలంటే కొత్త డి.ఎన్‌.ఎ. కావాలి. దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. నేడు గర్భిణీ స్త్రీలందరికీ ఇస్తున్న మాత్రలలో ఉన్నది అదే. గర్భం కోరుకొనే స్త్రీ ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల చొప్పున దానిని తీసుకొనడం శిశువు వెన్నుపాము లోపాలను నివారిస్తుంది.

పెరుగుదలకు కావలసినది తెలిస్తే పెరుగుదలను ఆపే ఉపాయం కూడ తెలుస్తుంది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని స్థానాన్ని ఆక్రమించి, దాని పనిని అడ్డుకొనే పదార్థాలను ఆ ప్రయోగశాలలోనే తయారుచేశారు. వానిలో ఒకటి మెథోట్రెక్సేట్. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, 53వ ఏట కన్నుమూశారు. ఆయన చూడని ఫలితం 1956లో వెలువడింది. అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు కొరియోకార్సినోమా ప్రాకిన స్త్రీలకు మెథోట్రెక్సేట్ ఇచ్చి నయం చేశారు. శరీరమంతా ప్రాకిన కఠిన కేన్సరు ఒకటి మందుతో సంపూర్ణంగా మాయమైన తొలి సందర్భాలలో అది ఒకటి.

ఇక్కడ మనకు కావలసిన పాఠం ఉన్నది. గడ్డలు కంటికి మాయమైన తరువాత కూడ లీ మందు ఆపలేదు. మూత్రంలో హెచ్‌.సి.జి. ఇంకా కనిపిస్తున్నది కనుక కణాలు ఇంకా ఉన్నాయని ఆయన వాదించాడు. కనిపించని రోగానికి విషం వంటి మందు ఇస్తున్నాడని పైవారు ఆక్షేపించారు. ఆయన ఆ సంస్థను వీడవలసి వచ్చింది. కాలక్రమాన హార్మోను పూర్తిగా పోయేవరకు మందు తీసుకొన్నవారు నిలిచారని, ముందే ఆపినవారిలో రోగం తిరగబెట్టిందని తేలింది. 1972లో లీకి, హెర్ట్జ్‌కు లాస్కర్ పురస్కారం లభించింది. నేడు సకాలంలో గుర్తించి తక్కువ ప్రమాద శ్రేణిలో ఉన్నవారికి చికిత్స చేస్తే దాదాపు అందరూ నయమవుతున్నారు. చాలామంది తిరిగి తల్లులు కూడ అవుతున్నారు. 1995లో భారత ప్రభుత్వం సుబ్బారావుగారి శతజయంతికి తపాలా బిళ్ళ వెలువరించింది.

నాళంలో నిలిచిన గర్భం

ముత్యాల గర్భం అరుదు. అంతకన్న తరచుగా కనిపించే ప్రమాదం, పిండం గర్భాశయంలో కాక అండవాహికలో నాటుకొనడం. వాడుకలో ‘ట్యూబులో గర్భం’ అంటారు. ఇక్కడ కూడ పట్టీ మీద రెండు గీతలే వస్తాయి. కాని నాళంలో చోటు చాలదు, పోషణ చాలదు. కనుక హెచ్‌.సి.జి. తరచుగా మందకొడిగా పెరుగుతుంది. రెండు రోజుల వ్యవధితో రెండు రక్తపరీక్షలు, యోనిమార్గపు స్కానింగు కలిపి చూసి వైద్యులు దీనిని పసికడతారు. తొలి దశలో ఇక్కడ కూడ మెథోట్రెక్సేట్ ఉపకరిస్తుంది. ఆలస్యమైతే నాళం పగిలి కడుపులోపలే రక్తస్రావమై కొన్ని గంటలలో ప్రాణం పోవచ్చు.

పొత్తికడుపులో ఒక ప్రక్క నొప్పి, కొద్దిపాటి రక్తపు మరక, కళ్ళు తిరగడం, భుజం కొనలో నొప్పి – గర్భం ఉన్నదని తెలిసిన స్త్రీలో గాని, నెల తప్పిన స్త్రీలో గాని ఇవి కనిపిస్తే వాము నీళ్ళు కాచి ఇచ్చే సమయం కాదు అది. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

మన ఇళ్ళలో జరిగే పొరపాట్లు

నెల తప్పగానే ‘వేడి చేయకపోవడం వల్ల ఆగింది’ అని నువ్వులు, బెల్లం, బొప్పాయి, ముసాంబరం, నెలసరి తెప్పించే కషాయాలు వరుసగా వాడడం మొదటి పొరపాటు. అశోక్‌నగర్ ప్రాంతంలో పోటీ పరీక్షలకు చదువుతున్న వివాహితలు చదువు ఒత్తిడి వల్ల నెలసరి తప్పిందనుకొని ఇటువంటివి వాడడం కద్దు. ఒత్తిడి వల్ల తప్పడం కూడ నిజమే. అయినా ముందు పరీక్ష, తరువాత ఔషధం. గర్భం లేదని తెలియకుండా ఆర్తవజనక ఔషధం ఇవ్వరాదన్నది ఆయుర్వేద వైద్యునికి కూడ వర్తించే నియమం.

రక్తస్రావం కనిపించగానే స్కానింగు చేయించకుండా స్తంభన ఔషధాలతో ఆపడం రెండవ పొరపాటు. లోపల ఉన్నది మామూలు గర్భమో, ముత్యాల గర్భమో, నాళంలోనిదో తెలియకుండా రక్తాన్ని ఆపితే లక్షణం మరుగుపడుతుంది. రోగం మిగులుతుంది.

శుభ్రపరచిన తరువాత ‘అంతా అయిపోయింది, నెలసరి కూడ వచ్చింది’ అని రక్తపరీక్షలు మానివేయడం మూడవ పొరపాటు, అన్నిటిలోకి పెద్దది. పుట్టింటికి పోయో, ఊరు మారో, ఖర్చుకు వెరచో రెండు మూడు వారాలతో ఆపివేసేవారు ఉన్నారు. హెచ్‌.సి.జి. సాధారణ స్థాయికి దిగేవరకు వారం వారం, ఆ తరువాత వైద్యులు చెప్పినంత కాలం, సంపూర్ణ ముత్యాల గర్భంలో సాధారణంగా ఆరు నెలలు, నెలకొకసారి పరీక్ష తప్పనిసరి. ఆ కాలమంతా గర్భం రాకుండా చూసుకొనాలి. కొత్త గర్భం వస్తే హార్మోను మళ్ళీ పెరుగుతుంది. అప్పుడు ఆ పెరుగుదల బిడ్డదో, రోగానిదో చెప్పడం కష్టమవుతుంది.

ఇంటివైద్యం ఎంతవరకు?

ఏ కషాయమూ, ఏ లేహ్యమూ, ఏ భస్మమూ ముత్యాల గర్భాన్ని కరిగించదు, నాళంలోని గర్భాన్ని చోటు మార్చదు. అలా చెప్పేవారిని నమ్మకండి. మన వైద్యం ఉపకరించేది ఇంకొక చోట.

మామూలు గర్భంలో వేవిళ్ళకు పేలాల జావ చల్లార్చి కొద్దికొద్దిగా త్రాగడం, ధనియాలు నానబెట్టిన నీటిలో పటికబెల్లం కలిపి పుచ్చుకొనడం, దానిమ్మరసం మేలు చేస్తాయి. నీరు కూడ నిలవకుండా వాంతులైతే ఇంటివైద్యం ఆపి ఆసుపత్రికి పోవాలి.

శుభ్రపరచిన తరువాత బలం పుంజుకొనడానికి మొదటి వారం పాత బియ్యపు మెత్తని అన్నం, పెసరకట్టు, కాచిన పాలు, తగుమాత్రం నెయ్యి ఇవ్వాలి. తరువాత తోటకూర, ఖర్జూరం, ఉసిరిక, బెల్లంతో రాగిజావ రక్తాన్ని వృద్ధి చేస్తాయి. మధుమేహం ఉన్నవారు తీపి పదార్థాలు మానాలి. బిడ్డను కోల్పోయిన దుఃఖం కూడ రోగమంత భారమే. ఆమెను నాలుగు రోజులు పనికి దూరంగా ఉంచి, నిద్రకు అవకాశమిచ్చి, మాటలతో గాయపరచకుండా చూడడం కుటుంబం చేయగల చికిత్స.

మెథోట్రెక్సేట్ తీసుకొంటున్న కాలంలో వైద్యునికి చెప్పకుండా ఫోలిక్ మాత్రలు గాని, మూలికా ఔషధాలు గాని వాడరాదు. ఆ మందు ఆపేది ఫోలిక్ ఆమ్లం పనినే కదా. కాలేయంపై భారం కూడ ఉంటుంది. కీళ్ళవాతానికి వారానికి ఒకసారి ఇదే మందు వాడే స్త్రీలు చాలామంది ఉన్నారు. వారు వైద్యుని సలహా లేకుండా గర్భం ధరించరాదు.

పాఠకుల సందేహాలు

రెండవ గీత మసకగా ఉన్నది. గర్భం ఉన్నట్లా, లేనట్లా?
మసక గీత కూడ సాధారణంగా హార్మోను ఉన్నదనే సూచిస్తుంది. రెండు మూడు రోజుల తరువాత ఉదయపు మొదటి మూత్రంతో తిరిగి చూడండి. లేదా రక్తపరీక్ష చేయించండి. రక్తంలో 5 యూనిట్ల లోపు ఉంటే లేదని, 25కు మించితే ఉన్నదని సాధారణంగా లెక్క. నడుమ ఉంటే తిరిగి చూడాలి.

గర్భస్రావమై పది రోజులైనా రెండు గీతలే వస్తున్నాయి. ఎందువల్ల?
హార్మోను శరీరం నుంచి పోవడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు వారాలు దాటినా గీత పోకపోతే, రక్తస్రావం ఆగకపోతే తప్పక స్త్రీవైద్య నిపుణులకు చూపించాలి. ప్రసవం తరువాత కూడ ఇదే నియమం.

సంతానం కోసం ఇంజెక్షన్ చేయించుకొన్నాను. వారానికే గీత వచ్చింది. సంతోషించవచ్చునా?
అండం విడుదల కావడానికి ఇచ్చే ఇంజెక్షన్ తరచుగా హెచ్‌.సి.జి.యే అయి ఉంటుంది. అది పది నుంచి పధ్నాలుగు రోజుల వరకు శరీరంలో ఉండి గీతను చూపగలదు. వైద్యులు చెప్పిన తేదీకి రక్తపరీక్ష చేయించండి.

ఒకసారి ముత్యాల గర్భం వచ్చింది. మళ్ళీ అదే వస్తుందా?
నూటికి ఒకరికి మాత్రమే తిరిగి వస్తుంది. మిగిలిన వారికి మామూలు గర్భమే వస్తుంది. మరుసటి గర్భంలో తొలి నెలలలోనే స్కానింగు చేయించుకొనండి.

ఈ హార్మోను ఇంజెక్షన్లతో లావు తగ్గుతారట, నిజమా?
నిజం కాదు. అటువంటి ప్రయోజనం రుజువు కాలేదు. దానితో పెట్టే కఠినోపవాసం వల్ల బరువు తగ్గుతుంది, హాని కూడ కలుగుతుంది.

గుర్తుంచుకొనవలసినవి

1. రెండు గీతలు మావి కణాలు ఉన్నాయని మాత్రమే చెబుతాయి. బిడ్డ ఉన్నదని, సరియైన చోట ఉన్నదని చెప్పేది స్కానింగు.
2. ఈ హార్మోను విషయంలో ఒక్క అంకెకు విలువ తక్కువ. ఒక అంకె తరువాత మరొక అంకె ఏ దిక్కుకు పోతున్నదన్నదే ముఖ్యం. పరీక్ష కాగితాలన్నీ తేదీల వరుసలో భద్రపరచండి. వీలైనంతవరకు ఒకే పరీక్షశాలలో చేయించండి.
3. నెల తప్పిన స్త్రీకి పరీక్షకు ముందు ఏ కషాయమూ ఇవ్వకండి.
4. ప్రసవం తరువాత గాని, గర్భస్రావం తరువాత గాని నెలల తరబడి ఆగని రక్తస్రావానికి, దగ్గులో రక్తానికి కారణం వెదకేటప్పుడు హెచ్‌.సి.జి. పరీక్షను కూడ మరువకండి.
5. ముత్యాల గర్భం తరువాత వైద్యుడు ‘ఇక చాలు’ అనేంతవరకు పరీక్ష మానకండి.

ఇంట్లో ఎవరికైనా ముత్యాల గర్భం అన్న మాట వినవలసి వస్తే భయపడకండి, దాచకండి. తరువాతి రక్తపరీక్ష తేదీని గోడ మీది క్యాలెండరులో వ్రాసి, ఆ రోజు ఆమె వెంట ఒకరు తప్పక వెళ్ళండి.